కృష్ణమోహన్ షోర్బా గిన్నె

కామారెడ్డిలో స్టీలు సామాన్ల దుకాణం కృష్ణమోహన్‌కు ఉన్నది ఒకటే జబ్బు. పింగాణీ వస్తువు ఏది కంటబడినా దాన్ని బోర్లించి అడుగు చూడనిదే ఆయన చెయ్యి ఊరుకోదు. అందులో చాయ్ ఉన్నదా, చారు ఉన్నదా, ఎదుటివాళ్ల పరువు ఉన్నదా అన్నది ఆ చెయ్యికి పట్టదు. మిగతా అన్నిటిలో ఆయన బుద్ధిమంతుడు. గట్టిగా మాట్లాడడు, తాగడు, తూకంలో మోసం చెయ్యడు. పొద్దంతా కూర్చునేది స్టీలు గిన్నెల నడుమ, మనసు మాత్రం పింగాణీ మీద. "మిఠాయి దుకాణపోడు ఉప్పు కోసం ఏడ్చినట్టు" అనేది ఆయన భార్య వినోద.

ఈ జబ్బు ముందుగా బయటపడింది వినోద దగ్గరే. పెళ్లిచూపులకు కృష్ణమోహన్ రాజంపేటలో వాళ్లింటికి వచ్చాడు. వినోద తల వంచుకొని చాయ్ కప్పు చేతికిచ్చి, ఈయన తన ముఖం ఎప్పుడు చూస్తాడా అని ఊపిరి బిగబట్టి నిలబడింది. కృష్ణమోహన్ చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, కప్పు బోర్లించి, కిటికీ దిక్కు పట్టి దాని అడుగు చూశాడు. అది చూసి వినోద వాళ్ల బాపు, పిల్లగాడు చాయ్ సాలలేదని సైగ చేస్తున్నాడనుకున్నాడు.

"ఇంకింత పొయ్యి బిడ్డా" అన్నాడు.

పోసింది. మళ్లీ ఒక్క గుక్క, మళ్లీ బోర్లింపు. ఈసారి గోటితో టంగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు కూడా. మళ్లీ పోశారు. పొయ్యి మీద గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇదే తంతు. చివరికి నాలుక కాలి మాట రాక ఆయన తల ఊపితే, పిల్ల నచ్చిందనుకొని ఇంటివాళ్లు బెల్లం పంచారు.

పెళ్లయిన చాన్నాళ్లకు వినోద అడిగింది, "ఆ దినం నేనేం చీర కట్టుకున్ననో యాదున్నదా?"

కృష్ణమోహన్ శానాసేపు ఆలోచించాడు. "చీర యాదికొస్తలేదు గని, కప్పు జపాన్‌ది. అడుగున ఎర్ర ముద్ర. పిడి కాడ సన్నగ పర్రె పడ్డది."

"మరి నా మొకం?"

"మొకం తర్వాత సూసిన గద" అన్నాడు, నిజాయితీగా.

పెళ్లిళ్లలో నిలబడి తినే భోజనాలు వచ్చినంక వినోద కష్టాలు రెట్టింపయ్యాయి. కృష్ణమోహన్ ప్లేటు నిండా వడ్డించుకొని, దాన్ని నెత్తి కన్నా పైకి ఎత్తి, కింది నుంచి అడుగు చూసేవాడు. దూరం నుంచి చూసినవాళ్లకు ఎవరో దేవుడికి నైవేద్యం చూపిస్తున్నట్టు ఉండేది. పక్కన నిలబడ్డవాళ్లకు మాత్రం భుజం మీద సాంబారు పడేది. చూసి, "ప్లాస్టిక్‌ది" అనేవాడు, అయినవాళ్లెవరో పోయినంత దిగులుగా.

"ప్లాస్టిక్‌దని పెండ్లికొచ్చిన పోరగాండ్లందరికి ఎరుకే. నీకొక్కనికే సాక్ష్యం గావాలె" అని వినోద తన సంచిలోంచి ఇంకో అంగీ తీసిచ్చేది. పెళ్లికి పోతే కట్నం కవరు మరిచేదేమో గానీ, ఆయన కోసం ఇంకో అంగీ మాత్రం ఎన్నడూ మరవలేదు.

కూతురు సాయిలత సంబంధం మాట్లాడటానికి మద్నూర్ పోయినప్పుడు కప్పు తిప్పనని వినోద దారి పొడుగునా ఒట్టు పెట్టించుకుంది. కృష్ణమోహన్ మాట మీద నిలబడే మనిషి. అక్కడ కూర్చోగానే కుడిచెయ్యిని తొడ కింద పెట్టుకొని, దాని మీద బరువు వేసి కూర్చున్నాడు. అంతలో చాయ్ వచ్చింది. వియ్యంకుడు కాబోయే పెద్దమనిషి స్వయంగా అందిస్తుంటే ఎడమచేత్తో ఎట్లా తీసుకుంటాడు. కుడిచెయ్యి బయటికి రావలసి వచ్చింది. వచ్చిన చెయ్యి తన పని తాను చేసింది. చాయ్ అంతా పెద్దమనిషి తెల్ల ధోవతి మీద పడింది.

పెళ్లికొడుకు నేల చూశాడు. వినోద కళ్లు మూసుకుంది. కృష్ణమోహన్ మాత్రం కప్పు అడుగు చూపిస్తూ, ఫ్రాన్స్ దేశం పింగాణీ అయితే ఎండకు పట్టినప్పుడు వెనక వేళ్ల నీడ కనబడుతుందనీ, దీనికి కనబడటం లేదనీ, అయినా ఇది చెడ్డ కప్పేమీ కాదనీ వివరించసాగాడు. లోపలి నుంచి వచ్చిన పెళ్లికొడుకు తల్లి కాసేపు విన్నది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి, లోపలికి పోయి, నాందేడ్‌లో తన పుట్టింటివాళ్లు పెట్టిన కప్పులూ సాసర్లూ గంప నిండా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గివి గూడ సూడుండ్రి అన్నా. ఏ దేశపువో తెల్వకుండనే తాగుతున్నం."

పెద్దమనిషి ధోవతి మార్చుకొని వచ్చేసరికి ఇంటిల్లిపాదీ ఎండలో కప్పులు పట్టుకొని వేళ్లు ఆడిస్తున్నారు. ఆయనా ఒకటి తీసుకున్నాడు. సంబంధం ఎప్పుడు ఖాయమైందో, ఎవరు ఖాయం చేశారో ఎవరికీ గుర్తు లేదు. బస్సెక్కినంక వినోద అడిగింది, "అండ్ల ఒక్కటన్న ఫ్రాన్స్‌దున్నదా?"

"ఒక్కటి లేదు. అయినా మనుషులు మంచోళ్లు" అన్నాడు కృష్ణమోహన్.

తరువాత మనుమరాలు పుట్టింది. అందరూ పిల్ల ముక్కు ఎవరి పోలిక, కండ్లు ఎవరి పోలిక అని వాదులాడుకుంటుంటే, తాత పిల్లను ఎత్తుకొని మొట్టమొదట అరికాళ్లు చూశాడు.

ఇంత పిచ్చి ఎక్కడిదని అడిగితే ఆయన ఒకే ముక్క చెప్పేవాడు. "చిన్నప్పుడు ఒక బల్ల సూసిన." ఆ బల్ల కథ పూర్తిగా తెలిసింది వినోద ఒక్కతికే.

ఎల్లారెడ్డి అవతల ఒక పల్లెలో దొర గడి ఉండేది. కృష్ణమోహన్ వాళ్ల బాపు ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే పనివాడు. గడిలో ఏదన్నా విందు ఉందంటే ముందురోజే కబురొచ్చేది. ఒకసారి పిల్లవాడిని వెంట తీసుకుపోయాడు. బాపు వాకిట్లో తిత్తి ఊదుకుంటుంటే, మంచినీళ్ల కోసం లోపలికి పోయిన పిల్లవాడు ఒక తలుపు సందులోంచి చూశాడు. పొడుగాటి బల్ల. దాని మీద తెల్లటి గుడ్డ. గుడ్డ మీద అంతకన్నా తెల్లటి ప్లేట్లు. అంచున సన్నని బంగారు గీత, గీత కింద చిన్న చిన్న నీలం పూలు. నడుమ ఒక పెద్ద గిన్నె, రెండు పక్కలా పిడులతో, రాణి కూర్చున్నట్టు కూర్చొని ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండకు బల్లంతా లోపలి నుంచి దీపం పెట్టినట్టు వెలుగుతోంది.

వంటింట్లో పనిచేసే ఆమె ఎవరో వచ్చి ఉరమబోయి, వాడి కళ్లు చూసి ఊరుకుంది. ఒక ప్లేటు తీసి బోర్లించి అడుగున ఆకుపచ్చ అక్షరాలు చూపించింది. "ఓడల వచ్చినయిరా. సముద్రం అవుతలకెల్లి. నడుమ ఉన్నది షోర్బా గిన్నె, దొరలు తాగే చారు పోసేది" అన్నది.

ఆ విందుకు పట్నం నుంచి రావలసిన పెద్ద అధికారి రాలేదు. సాయంత్రం బాపుతో ఇంటికి బయలుదేరేటప్పుడు పిల్లవాడు మళ్లీ తొంగి చూశాడు. ప్లేట్లు ఒక్కొక్కటిగా ఎత్తి లోపల పెడుతున్నారు. అంత పొందికగా పరిచిన బల్ల మీద ఒక్క మెతుకు పడలేదు. ఒక్కరు కూర్చోలేదు. ఎందుకో ఆ పిల్లవాడికి ఏడుపొచ్చింది. ఎన్నేండ్లయినా ఆ ఏడుపు పూర్తిగా ఆరలేదు. ఆ బల్ల మళ్లీ పరవాలి, దాని చుట్టూ మనుషులు కూర్చొని తింటుంటే చూడాలి. ఆయన కోరికంతా అదే.

కాలం తిరిగింది. దొరలు పట్నం పోయారు, గడి పాడుబడింది. సామానులో ఎవరి చేతికి అందింది వాళ్లు తీసుకుపోయారు. ఆ ప్లేట్లు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చేరి, ఒక చోట కోళ్లకు నీళ్లు పెట్టే పళ్లెమై, ఇంకో చోట తొక్కు జాడీ మీద మూతై, మంగలి లింగయ్య దగ్గర సబ్బు గిన్నె కింద సాసరై బతుకుతున్నాయి. కృష్ణమోహన్ వాటిని వెతుక్కుంటూ తిరిగాడు. పాతది ఇస్తే కొత్త స్టీలు సామాను ఇచ్చాడు. ముక్కైతే చెంబు, మంచిదైతే బిందె.

అడుగున ఉన్న ఆకుపచ్చ ముద్ర ఏమిటో ఆయనకు చానాకాలం తెలియలేదు. సాయిలత ఫోన్‌లో ఫొటోలు పెట్టి అడిగితే, ఎక్కడెక్కడివాళ్లో జవాబిచ్చారు. ఫ్రాన్స్‌లో లిమోజ్ అనే ఊళ్లో చేసినవట. అడుగున దేశం పేరు లేకుండా ఉత్త అక్షరాలే ఉన్నాయంటే ఇంకా పాతవన్నమాట. ఆ రోజు కృష్ణమోహన్ ఎదురుగా ఉన్న బాలకృష్ణ హోటల్‌కు పోయి, కూర్చున్నవాళ్లందరికీ చాయ్ చెప్పి సంగతి వివరించాడు.

"లిమోజా? ఏ ఊరి లిమోజుండ్లు? మన వడ్ల కన్నోజుల పాలోళ్లా?" అని అడిగాడు బాలకృష్ణ.

"మనిషి పేరు గాదు, ఊరి పేరు. ఫ్రాన్స్‌ల ఉంటది."

"అబ్బ, మన వడ్లోళ్లు గంత దూరం పోయిండ్రా సేటూ" అని ఆశ్చర్యపోయాడు బాలకృష్ణ. ఆనాటి నుంచి కామారెడ్డి బజారులో ఆ ప్లేట్లకు లిమోజు ప్లేట్లని పేరు స్థిరపడింది.

ఇంట్లో ఒక అద్దాల బీరువా నిండా నీలం పూల ప్లేట్లు చేరాయి. వారం వారం వాటిని తుడిచే పని వినోదది. తుడిచి తుడిచి ఆమెకూ ఒక కోరిక పుట్టింది. ఒక్కసారి, ఒక్క ప్లేటులో, ఇంత పప్పన్నం తినాలి. ప్రతి దసరాకూ అడిగేది.

"ఇయ్యాల పెట్టుకుందమా?"

"నడుమ షోర్బా గిన్నె లేకుంటె అది ఆ బల్ల గాదు వినోదా. దొరకనీ."

"నా పండ్లు ఊడేలోపల దొరుకుతదా?"

"దొరుకుతది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు బీరువాను చూసే ఆయన ముఖాన్ని ఒక దిగులు కమ్మేది. తనను ఎన్నడూ అట్లా చూడలేదే అని వినోదకు కొంచెం ఈర్ష్యగా ఉండేది. మరుక్షణం జాలేసి, బీరువా మూసి, స్టీలు పళ్లెంలో అన్నం పెట్టేది.

కిందటి చలికాలంలో ఎల్లారెడ్డి నుంచి మహిపాల్ అనే పిల్లగాడు దుకాణానికి ఫోన్ చేశాడు. దుబాయిలో పనిచేస్తాడు, సెలవు మీద వచ్చాడు.

"కాకా, నీలం పూల సామాను నువ్వే సూస్తవట గద. మా అవ్వ కాడ ఒక పెద్ద గిన్నున్నది. రెండు దిక్కుల పిడులున్నయి. పట్నంల పాత సామాన్లు కొనేటాయినకు ఫొటో పంపిన. లిమోజు అయితె మంచి రేటిస్త అంటుండు. నువ్వొక్కసారి సూసి చెప్పు. అమ్మితె బుల్లెట్ బండి కొనుక్కుంట."

కృష్ణమోహన్ చేతిలో ఉన్న స్టీలు గ్లాసు కింద పడి దుకాణం చివరిదాకా దొర్లిపోయింది. పొద్దున మొదటి బస్సుకే బయలుదేరారు. వినోద వెంట రాక తప్పలేదు, ఎందుకంటే ఒకసారి ఒంటరిగా పంపితే ఆయన ఒక సాసరు కోసం చేతి గడియారం ఇచ్చి వచ్చాడు.

మహిపాల్ వాళ్ల అవ్వ దుర్గవ్వ చిన్న పెంకుటింట్లో గడప పక్కన కూర్చొని ఉంది. ముడతలు పడ్డ ముఖం, చురుకైన కళ్లు. "రాండ్రి బిడ్డా, కూసోండ్రి" అన్నది. ఇంట్లో మూలకు పీట మీద గిన్నె ఉంది, పైన స్టీలు పళ్లెం కప్పి ఉంది. తెల్లగా, పెద్దగా, రెండు పిడులతో, చుట్టూ నీలం పూలతో. పిడుల దగ్గర బంగారు గీత చేతుల రాపిడికి అరిగిపోయింది.

వినోద దాన్ని చూసిన మరుక్షణం గుర్తుపట్టింది. వారం వారం తుడిచే పూలు, పొరపాటు పడే మాటే లేదు. ఆమె భర్త వైపు చూసింది. ఆయన చెయ్యి అప్పటికే లేచింది.

"ఓ కొడుకా, తిప్పకు. అండ్ల పెరుగున్నది, ఇప్పుడే పేరుకుంటున్నది. కదిలిస్తె నీరిడుస్తది" అన్నది దుర్గవ్వ.

"పెరుగు పారబోస్త ఆగు కాకా" అని మహిపాల్ ముందుకొచ్చాడు.

"వద్దు" అన్నాడు కృష్ణమోహన్. తన జన్మలో మొదటిసారి ఆయన చెయ్యి సగంలో ఆగింది. కొంచెంసేపు ఆలోచించి, భుజం మీది తువ్వాల నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. "మీరిద్దరు పట్టుకొని మెల్లగ నా మొకం మీదికి తేండ్రి. వంచకుండ" అన్నాడు.

అట్లా వినోద ఒక పిడి, దుర్గవ్వ ఒక పిడి పట్టుకొని, గిన్నెను బిడ్డను ఎత్తినట్టు ఎత్తి, కింద పడుకున్న పెద్దమనిషి ముఖం మీద నిలబెట్టారు. గడప దాటబోయిన పక్కింటామె ఆ దృశ్యం చూసి వచ్చిన పని మరిచి వెనక్కి పోయింది.

"ఇంత మందికి పిచ్చెక్కిచ్చే గిన్నె అని మా ఆయినకు ఎరుకుంటె తెచ్చేటోడే గాదు" అన్నది దుర్గవ్వ, పిడి వదలకుండానే. "గడిల నీళ్లు మోసేటోడు నా మొగడు దేవయ్య. దొరలు పోయిననాడు అందరు ఇత్తడి గంగాళాలు, రాగి బిందెలు ఎత్తుకున్నరు. ఈయినె ఇది తెచ్చిండు. ఊరంత నవ్విండ్రు. ఎందుకు తెచ్చినవంటె, ఒకనాడు నువ్వు సూసి ఎంత తెల్లగున్నదో అన్నవు గద, అన్నడు. అన్ననో లేదో నాకే యాది లేదు. ఆ రోజుకెల్లి ఇండ్లనే పెరుగు తోడేస్తున్న. ఆయినె పోయినంక గూడ, తినేటోళ్లు లేకున్నా, ఇంత తోడేస్త. పొద్దున లేచి మూత తీస్తె మనిషి ఇంట్ల ఉన్నట్టుంటది."

వినోద తల వంచి చూసింది. కృష్ణమోహన్ కళ్లు గిన్నె అడుగున అతుక్కుపోయి ఉన్నాయి. కంటి కొస నుంచి ఒక చుక్క చెవి దిక్కు జారుతోంది.

"ఏం కాకా, ముద్రున్నదా?" అని మహిపాల్ ఆత్రంగా వంగాడు. అతనికీ ఆకుపచ్చ అక్షరాలు కనబడ్డాయి గానీ ఏమీ తెలియలేదు.

కృష్ణమోహన్ అక్షరాల మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఖుర్జాది."

"అంటే?"

"మన దేశపుదే. ఢిల్లీ అవుతల ఖుర్జా అని ఊరుంటది, జాడీలు చేస్తరు. అచ్చం ఫ్రాన్స్‌వాటి లెక్క పూలేస్తరు. పట్నపాయినె అడుగు సూడలేదు గావట్టి అట్లన్నడు. అమ్మపోతె మర్యాద పోతది." ఆయన లేచి తువ్వాల దులుపుకున్నాడు. "పెరుగు తోడేసుకునేతందుకు మాత్రం మంచిగుంటది. ఉండనీ."

మహిపాల్ ముఖం వాడిపోయింది. దుర్గవ్వ గిన్నెను పీట మీద పెట్టి, పళ్లెం కప్పి, కృష్ణమోహన్ ముఖంలోకి కొంచెంసేపు చూసింది. తరువాత ఇద్దరికీ చెరొక గ్లాసు మజ్జిగ ఇచ్చింది.

బస్సు సగం దూరం వచ్చింది.

"ఖుర్జానా?" అన్నది వినోద.

"ఊఁ."

"ఆ పూలు నేను వారం వారం తుడుస్త."

కృష్ణమోహన్ కిటికీ బయటికి చూశాడు. "పాపం, గిన్నె పోతె ముసలామె మరి పెరుగు ఎండ్ల తోడేసుకుంటది" అన్నాడు.

వినోద ఆయన దిక్కు తిరిగి అడిగింది, "గిట్ల అబద్దమాడుడు ఇదే మొదలా?"

ఆయన జేబులోంచి బస్సు టికెట్టు తీసి మడతలు పెట్టసాగాడు. అది చూసి వినోదకు అనుమానం వచ్చింది. ఇంటికి పోయినంక ఆయన దుకాణానికి వెళ్లగానే బీరువా కింది అర తెరిచింది. సెట్టులో కలవని ప్లేట్లన్నీ అందులో ఉండేవి. "అవి వేరే రకం ఫ్రాన్స్‌వి" అని ఆయన చెబితే నమ్మి ఇన్నాళ్లూ తుడిచింది. ఇప్పుడు ఒక్కొక్కటి బోర్లించి, ఎండకు పట్టి, వెనక వేళ్లు ఆడించింది. ఒక్క వేలి నీడా కనబడలేదు. ఒకటి ఉత్త మట్టి సాసరు, మధ్యకు పగిలింది. అది ఎవరిదో వినోదకు తెలుసు. బీడీలు చుట్టుకునే ప్రమోద, మొగడు మస్కట్ పోయి పత్తా లేకుండా అయినప్పుడు, కూతురి పెళ్లికి ముందు సిగ్గుపడుతూ తెచ్చిచ్చింది. కృష్ణమోహన్ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "అసలైన ఫ్రాన్స్‌ది" అని బజారంతా వినేటట్టు చెప్పి, కొత్త సంసారానికి కావలసిన సామానంతా గంపల్లో కట్టించాడు. ఆ రోజు వినోద ఆయనను గుడ్డివాడని తిట్టింది. ఇప్పుడు సాసరును కొంగుతో తుడిచి, అదే చోట పెట్టింది.

ఆ తరువాత కృష్ణమోహన్ కప్పులు బోర్లించటం మానేశాడు. బాలకృష్ణ చాయ్ పంపిస్తే మామూలు మనిషిలాగా తాగి, మామూలు మనిషిలాగా కప్పు పక్కన పెట్టేవాడు. బాలకృష్ణ భయపడి ఇంటికి వచ్చాడు.

"వదినా, సేటుకు పెయ్యి మంచిగ లేదా? కప్పు తిప్పుతలేడు. దవఖానకు తీస్కపోదమా?"

"దవఖానతోని అయ్యేది గాదు" అన్నది వినోద. ఆ సాయంత్రమే మహిపాల్‌కు ఫోన్ చేసింది. "బిడ్డా, వచ్చే ఐతారం మీ అవ్వను తీస్కొని భోజనానికి రాండ్రి. మీ అవ్వ పెరుగు మా ఆయినకు మస్తు యాదికొస్తున్నదట. తోడేసిన గిన్నెతోనే తెమ్మను, వేరే గిన్నెల పోస్తె రుచి పోతది."

ఆదివారం పొద్దున వినోద హాల్లో రెండు బల్లలు కలిపి తెల్ల దుప్పటి పరిచింది. బీరువా తెరిచి నీలం పూల ప్లేట్లన్నీ తీసి చుట్టూ పెట్టింది. నడుమ మాత్రం ఖాళీ ఉంచింది. కృష్ణమోహన్ స్నానం చేసి వచ్చి చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందిది వినోదా?"

"దుర్గవ్వ వస్తున్నది. పెరుగు తెస్తున్నది."

"ఎండ్ల?" అన్నాడు. అని, ఆమె ముఖం చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

అంతలో వాకిట్లో మోటారు సైకిల్ చప్పుడైంది. ఇద్దరూ బయటికి ఉరికారు. వెనక దుర్గవ్వ మనుమడి నడుము పట్టుకొని కూర్చొని ఉంది. ముందు హ్యాండిల్‌కు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. ఖుర్జా గిన్నే కదా అని మహిపాల్ దాన్ని ఎల్లారెడ్డి నుంచి, దారిలో ఉన్న గుంతలన్నిటి మీదుగా, ఉల్లిగడ్డల సంచిలాగా వేలాడేసుకొని తెచ్చాడు. బండి ఆపుతుంటే సంచి వెళ్లి ఇనుప గేటుకు టంగుమని తగిలింది.

కృష్ణమోహన్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అరవబోయి, అరిస్తే గుట్టు బయటపడుతుందని పెదవి కొరుక్కున్నాడు.

"మంచిగొచ్చిండ్రా బిడ్డా" అన్నాడు. ఆ మాట మహిపాల్‌ను అడిగినట్టు లేదు, సంచిని అడిగినట్టుంది.

గిన్నెకు ఏమీ కాలేదు. పెరుగు కూడా కదల్లేదు. వినోద దాన్ని తెచ్చి బల్ల నడుమ పెట్టింది. కిటికీలోంచి ఎండ పడింది. ప్లేట్లన్నీ తమ పెద్దదిక్కు ఇంటికొచ్చినట్టు వెలిగాయి. మహిపాల్ బల్ల చుట్టూ చూసి కళ్లు చిట్లించాడు.

"కాకా, ఈ ప్లేట్ల మీద గూడ మా గిన్నె పూలే ఉన్నయేంది?"

వడ్డిస్తున్న వినోద చేతిలో గరిటె ఆగిపోయింది. కృష్ణమోహన్ ఆ ప్లేట్లన్నిటినీ ఒకసారి కలియజూశాడు. వాటి కోసం తిరిగిన ఊళ్లు, ఎక్కిన గడపలు, పడ్డ నవ్వులు ఆయన కళ్ల ముందు తిరిగాయేమో.

"అన్నీ ఖుర్జావే బిడ్డా" అన్నాడు.

"అన్నీనా? మరి లిమోజు అంటరు గద బజార్ల?"

"నేను మోసపోయిన. మొన్న మీ గిన్నె సూసినంకనే తెలిసింది. ఎవ్వరికి చెప్పకు."

మహిపాల్ నవ్వాడు. అంటే అందరికీ చెబుతాడని అర్థం. "పోనీ తియ్యి కాకా, అన్నం మాత్రం మంచిగనే కనబడుతున్నది" అని ఓదార్చి, పప్పు కలుపుకున్నాడు. దుర్గవ్వ తన చేత్తో అందరికీ పెరుగు వేసింది. కత్తితో కోసినట్టున్న గడ్డలు. వినోద నీలం పూల ప్లేటులో మొదటి ముద్ద కలుపుకొని, నోట్లో పెట్టుకోబోతూ భర్త వైపు చూసింది. ఆయన తినటం లేదు. తింటున్నవాళ్లను చూస్తున్నాడు. తలుపు సందులోంచి తొంగి చూసే పిల్లవాడి కళ్లతో ఒక్కొక్కరినీ చూసి, చివరికి చూపు వినోద ముఖం మీద నిలిపాడు. చాలాసేపు అట్లనే ఉంచాడు.

"తిను, సల్లారిపోతది" అన్నది వినోద, ఈ వయసులో సిగ్గుపడి.

చేతులు కడుక్కునేటప్పుడు దుర్గవ్వ ఆమె చెవిలో అన్నది, "మీ ఆయినకు అబద్దమాడుడు రాదు బిడ్డా. కింద పండుకొని ఏడ్సుకుంట ఖుర్జాది అంటె నేను నమ్ముతనా." వినోద ముసలామె తడి చేతులు పట్టుకుంది.

పోయేటప్పుడు మహిపాల్ కడిగిన గిన్నెను సంచిలో వేసి మళ్లీ హ్యాండిల్‌కు తగిలించాడు. కృష్ణమోహన్ వాకిట్లో ఒంటికాలి మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"మెల్లగ పో బిడ్డా. గుంతలు సూస్కో. వెనుక అవ్వున్నది, పడ్తది."

"అవ్వకేం గాదు కాకా, అలవాటే."

దుర్గవ్వ బండెక్కి, ముందుకు వంగి, హ్యాండిల్‌కున్న సంచి తీసి తన ఒడిలో పెట్టుకొని రెండు చేతులా పొదివి పట్టుకుంది. కృష్ణమోహన్ గట్టిగా ఊపిరి వదిలాడు. బండి కదిలింది. నాలుగడుగులు పోయినంక ముసలామె తల వెనక్కి తిప్పి, ఏదో చిన్న సంగతి మరిచినట్టు చెప్పింది.

"కొడుకా, దీని మూత గూడ ఉన్నదిరా ఇంట్ల. అటుక మీద, గుడ్డల సుట్టి. మల్ల పిలిస్తె తెస్త."

కృష్ణమోహన్ నడిరోడ్డు మీద నోరు తెరుచుకొని నిలబడిపోయాడు. బండి మలుపు తిరిగినా కదల్లేదు. వినోద పోయి భుజం పట్టుకొని ఇంట్లోకి తీసుకొచ్చేసరికి ఆయన అడిగిన మొదటి మాట, "మల్ల ఐతారం దాక శానా దినాలున్నయా వినోదా?"